గిల్డ్‌లోకి కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు: ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది

కొత్తవాళ్ళను గిల్డ్‌లోకి, అంటే ఆన్‌లైన్ ఆటల్లో కలిసి ఆడే జట్టులోకి, తీసుకోవడానికి మన దగ్గర వాడుకలో ఉన్న పద్ధతులు ఐదు. గేటు తెరిచిపెట్టి ఆటలోని నంబర్లు చూసి లోపలికి వదిలేయడం, ఫారం నింపించడం, వాయిస్‌లో కూర్చోబెట్టి మాట్లాడటం, తెలిసినవాళ్ళు చెప్తే తీసుకోవడం, కొన్నాళ్ళు ట్రయల్‌లో పెట్టి చూడటం. ఏది మంచిదని లీడర్లను అడిగితే ఎవరికి అలవాటైంది వాళ్ళు చెప్తారు. నన్నడిగితే ముందు ఇంకో లెక్క వేసుకోవాలి: వచ్చేవాడు తేడా మనిషి అయితే మొదటిరోజే మనకు ఎంత నష్టం చేయగలడు? ఆ లెక్క తేలితే పద్ధతి దానంతటదే తేలుతుంది.

ఫోన్‌లో ఆడే క్లాష్ ఆఫ్ క్లాన్స్ సంగతే తీసుకోండి. అందులో గిల్డ్‌ని క్లాన్ అంటారు. క్లాన్‌లో 50 మందికే చోటు. మామూలు మెంబరుగా చేరినవాడు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. ట్రూప్స్ (ఆటలోని సైన్యం) అడిగి తీసుకుని వెళ్ళిపోతాడు, చాట్‌లో నాలుగు బూతులు రాస్తాడు, అంతే. అదే వాడికి ఎల్డర్ హోదా ఇచ్చారంటే మామూలు మెంబర్లను తీసేయగలడు. కో-లీడర్ ఇచ్చారంటే ఎల్డర్లనూ మెంబర్లనూ ఒక్కొక్కరిగా బయటికి పంపి తెల్లారేసరికి క్లాన్ ఖాళీ చేయగలడు. చేర్చుకోవడంలో ఉన్న ప్రమాదం కంటే హోదా ఇవ్వడంలో ఉన్న ప్రమాదం చాలా ఎక్కువ. చేరేటప్పుడు సవాలక్ష ప్రశ్నలు అడిగి, వారం తిరక్కుండా ‘అన్నా, ఎల్డర్ ఇవ్వవా’ అనగానే ఇచ్చేసే క్లాన్లు బోలెడు.

ఇక ఆట బయటి సంగతి. మన ఊళ్ళలో గిల్డ్ అంటే సగం వాట్సాప్ గ్రూపే. అందులో చేరిన మొదటి నిమిషంలోనే కొత్తవాడికి అందరి ఫోన్ నంబర్లూ దొరుకుతాయి: పటమటలో ఇంటర్ చదివే పిల్లాడిది, బ్రాడీపేటలో ఉండే అమ్మాయిది, మంగళగిరిలో నైట్ షిఫ్ట్ చేసే అన్నది. ఆట నుంచి కిక్ చేస్తే మనిషి పోతాడు, నంబర్లు మాత్రం వాడి ఫోన్‌లోనే ఉంటాయి. అందుకని ఆట గేటునీ గ్రూపు గేటునీ వేరుగా చూడాలి. రెండూ ఒకేసారి తెరిచే గిల్డ్‌లో కింద చెప్పబోయే ఏ పద్ధతైనా సగమే పనిచేస్తుంది.

నంబర్లు చూసి వదిలేయడం

అన్నిటికంటే తేలిక ఇదే. క్లాష్‌లో క్లాన్‌ని ఎవరైనా చేరేలా పెట్టుకోవచ్చు, రిక్వెస్ట్ పెడితేనే వచ్చేలా పెట్టుకోవచ్చు, పూర్తిగా మూసేయనూ వచ్చు. కనీసం ఇంత టౌన్ హాల్ (బేస్‌లో ప్రధాన భవనం) లెవెల్ ఉండాలని షరతు కూడా పెట్టొచ్చు. పదిహేను మంది కూడా లేని కొత్త క్లాన్‌కి ఇంతకంటే ఎక్కువ వడపోత అనవసరం. మనిషే దొరకని చోట ఇంటర్వ్యూలు ఎవరికి పెడతాం?

చిక్కల్లా ఏ నంబరు చూడాలన్న దగ్గరే. టౌన్ హాల్ లెవెల్ చూసి మురిసిపోయేవాళ్ళు చాలామంది. హాల్ ఒక్కటీ గబగబా పెంచేసి, గోడలూ హీరోలూ ఎక్కడివక్కడే వదిలేసిన రష్ బేస్‌లు కోకొల్లలు. వాటిని వార్‌లోకి, అంటే ఇంకో క్లాన్‌తో పోటీలోకి, దించితే మనకే నష్టం. ఈ సీజన్‌లో సాటి మెంబర్లకు ఎన్ని ట్రూప్స్ ఇచ్చాడో చెప్పే డొనేషన్ సంఖ్య కూడా నమ్మదగింది కాదు, అది సీజన్ మారగానే సున్నాకి వస్తుంది, పైగా రెండు ఫోన్లలో రెండు అకౌంట్లు పెట్టుకుని తనకు తానే ఇచ్చుకుని పెంచుకోవచ్చు. నేను చూసేది ప్రొఫైల్ కిందికి జరిపితే కనపడే అచీవ్‌మెంట్లు. ఫ్రెండ్ ఇన్ నీడ్ దగ్గర ఇన్నేళ్ళలో మొత్తం ఎన్ని ట్రూప్స్ ఇచ్చాడో ఉంటుంది, వార్ హీరో దగ్గర మొత్తం ఎన్ని వార్ స్టార్లు తెచ్చాడో ఉంటుంది, క్లాన్ గేమ్స్ పాయింట్లు ఇంకోచోట ఉంటాయి. ఇవి చెరిగేవి కావు. టౌన్ హాల్ 16, వార్ స్టార్లు నలభై, జీవితకాలం డొనేషన్లు మూడు వేలు అని ఉంటే ఆ అకౌంట్ సంగతి ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. అది కొన్న ఐడీ కావచ్చు, లేదా ఇన్నేళ్ళూ క్లాన్‌తో పనిలేకుండా ఒంటరిగా ఆడినవాడిది కావచ్చు. రెండో రకం చెడ్డవాడేం కాదు, వార్ క్లాన్‌కి మాత్రం పనికిరాడు.

పబ్‌జీ మొబైల్ మన దేశపు రూపమైన బీజీఎంఐలో ఈ నంబర్ల మోజు ఇంకా ఎక్కువ. ఎఫ్‌డీ రేషియో (సగటున ఎంతమందిని పడగొట్టాడన్న లెక్క) ఐదుందని చెప్పేవాడిని ‘ఏ మోడ్‌లో, ఎవరితో ఆడితే వచ్చింది’ అని అడగాలి. టీమ్‌మేట్లను ముందుకు తోసి వెనక నుంచి ఫినిష్‌లు ఏరుకునేవాడికీ ఆ సంఖ్య బాగానే ఉంటుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబరులో నిషేధించారు, బీజీఎంఐ 2021 జులైలో వచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో తిరిగొచ్చింది. ఫ్రీ ఫైర్‌ని 2022 ఫిబ్రవరిలో ఆపేశారు, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. అందుకని మన దగ్గర ఆడేవాళ్ళ సీజన్ హిస్టరీలో ఖాళీలు కనపడటం, అకౌంట్ కొత్తగా ఉండటం అనుమానించాల్సిన విషయం కాదు. వేరే దేశపు గిల్డ్‌ల రూల్స్ కాపీ కొట్టి ‘మూడేళ్ళ పాత అకౌంట్ ఉండాలి’ అని పెడితే మంచి ఆటగాళ్ళే బయట ఉండిపోతారు.

ఫారం

ఫారం వల్ల నిజమైన లాభం జవాబుల్లో లేదు. ఐదు ప్రశ్నలు నింపే ఓపిక లేనివాడు వార్‌లో చివరి గంటలో అటాక్ చేస్తాడన్న ఆశ ఎటూ లేదు కాబట్టి, నింపకుండా మాయమైనవాళ్ళే సగం వడపోత. అయితే ఇరవై ప్రశ్నల ఫారం పెట్టకండి. అంతసేపు కూర్చుని నింపేది పనిలేనివాళ్ళే.

మా ఫారంలో ప్రశ్నలు ఇవి: ప్లేయర్ ట్యాగ్ (ఆటలో మీ అకౌంట్ కోడ్) ఏంటి? రోజులో ఏ టైమ్‌లో ఆడతారు? వచ్చే మూడు నెలల్లో పరీక్షలు, హాస్టల్, ప్రయాణాలు ఏమైనా ఉన్నాయా? పోయిన క్లాన్ ఎందుకు వదిలేశారు? అక్కడి లీడర్‌ని మేము అడగొచ్చా? చివర్లో వయసు, అది కూడా 18 లోపా, పైనా అని మాత్రమే.

వీటిలో పనికొచ్చేది నాలుగోది. ‘అందరూ టాక్సిక్ బ్రో’ అని ఒకే మాటలో తేల్చేసేవాడు మన దగ్గర్నుంచి వెళ్ళేటప్పుడూ అదే రాస్తాడు. ‘వార్‌లో నా అటాక్ మిస్సయింది, తిట్టారు, కోపంలో వచ్చేశాను’ అని రాసినవాడిని నేను తీసుకుంటాను. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అందులో తన భాగమూ చెప్పాడు. ‘క్లాన్ డెడ్ అయిపోయింది’ అని చాలామంది రాస్తారు, అందులో నిజమూ ఉంటుంది, ఆ క్లాన్ ట్యాగ్ అడిగి వార్ లాగ్ పబ్లిక్‌గా ఉంటే రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఐదో ప్రశ్నకు ‘అడగొద్దు’ అన్నవాడిని వెంటనే కాదనకండి, పాత లీడర్‌తో నిజంగానే గొడవ ఉండొచ్చు. కానీ అడగొద్దన్నవాడికి ట్రయల్ కాస్త పొడిగించడం న్యాయమే.

తెలుగులో రాయాలా, ఇంగ్లీష్‌లో రాయాలా అన్న పట్టింపు వద్దు. చాలామంది ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాస్తారు, కొందరికి టైప్ చేయడమే బద్ధకం. వాయిస్ నోట్ పంపినా ఒప్పుకోండి. స్పెల్లింగ్ చూసి మనిషిని అంచనా వేసే ఆఫీసర్లను (గిల్డ్‌లో హోదా ఉన్నవాళ్ళను) ఫారాలు చదివే పనికి పెట్టకండి.

ఆధార్ ఫొటో, కాలేజీ ఐడీ కార్డు ఫొటో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అడగొద్దు. ‘ఫేక్ ఐడీలు రాకుండా’ అని కొన్ని గిల్డ్‌లు అడుగుతున్నాయి. ఒక ఆట కోసం ఎవరి ఆధారో మన గ్యాలరీలో పెట్టుకుని, రేపు ఆ ఫోన్ పోతే జవాబు చెప్పేదెవరు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 నిండనివాళ్ళందరినీ పిల్లల కిందే లెక్కేస్తుంది, వాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అకౌంట్ తనదేనని రుజువు కావాలంటే క్లాష్ సెట్టింగ్స్‌లో ఏపీఐ టోకెన్ అని ఉంటుంది. ఆ కోడ్‌ని డిస్కార్డ్ (గేమర్లు మాట్లాడుకునే యాప్)లో మనం పెట్టుకున్న బాట్‌లో, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్‌లో, కొడితే అకౌంట్ ప్రస్తుతం వాడి చేతిలోనే ఉందని తేలిపోతుంది. పాస్‌వర్డూ ఓటీపీ ఏదీ బయటపెట్టక్కర్లేదు.

వాయిస్‌లో మాట్లాడటం

దీని మీద నాకు మంచి అభిప్రాయం లేదు. పెళ్ళిచూపుల్లో అందరూ బుద్ధిమంతులే. పది నిమిషాల కాల్‌లో మర్యాదగా మాట్లాడటం ఎవరికైనా వచ్చు, ఓడిపోయిన మ్యాచ్ తర్వాత ఎలా మాట్లాడతాడన్నదే మనకు కావాల్సింది. పైగా నలుగురు ఆఫీసర్లు ఒకేసారి చానల్‌లోకి వచ్చి కొత్తవాడిని చుట్టుముట్టి ప్రశ్నలు వేస్తుంటే రెండో నిమిషానికే అది ర్యాగింగ్‌లా తయారవుతుంది. అమ్మాయిలు చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు. గొంతు వినిపించగానే ‘అమ్మాయా? ఏ ఊరు?’ అని మొదలయ్యే గ్రూపులు వాళ్ళకు కొత్త కాదు. ఇంట్లో నాన్న పక్క గదిలో ఉండగా హెడ్‌సెట్ పెట్టుకుని ఇంటర్వ్యూ ఇచ్చే పరిస్థితి పిల్లలకూ ఉండదు.

ఒకే ఒక్క చోట వాయిస్ తప్పదు. బీజీఎంఐలోనో వాలరెంట్‌లోనో స్క్రిమ్స్ (టీమ్‌ల మధ్య ప్రాక్టీస్ మ్యాచ్‌లు) ఆడే టీమ్‌కి ఆటలో సగం మాటే. అక్కడ కూడా ఇంటర్వ్యూ బదులు కలిసి మూడు మ్యాచ్‌లు ఆడండి. ఎనిమీ ఎక్కడున్నాడో చెప్తున్నాడా, తను నాకౌట్ అయ్యాక మౌనంగా ఉంటున్నాడా లేక ‘కవర్ ఇవ్వలేదురా’ అని టీమ్ మీద పడుతున్నాడా, ఐజీఎల్ (ఆటలో టీమ్‌ని నడిపేవాడు) వెనక్కి రమ్మంటే వస్తున్నాడా అనేవి మూడు మ్యాచ్‌ల్లో తేలిపోతాయి. క్లాష్‌లో అయితే ఫ్రెండ్లీ చాలెంజ్ పెట్టండి, అంటే క్లాన్‌లోవాళ్ళ బేస్ మీదే సరదాగా అటాక్ చేయించండి. ఇద్దరికీ ఖర్చు లేదు. పెద్ద టౌన్ హాల్ పెట్టుకుని ఏ ఆర్మీతో ఎటువైపు నుంచి వెళ్ళాలో తెలియక తడబడుతున్నాడంటే ఆ ఐడీ వాడు పెంచింది కాదు. ఐడీలు కొనడం, అమ్మడం, అద్దెకివ్వడం సూపర్‌సెల్ నియమాలకు విరుద్ధం. నియమం సంగతి అటుంచినా, అమ్మినవాడు రికవరీ పెట్టి అకౌంట్ వెనక్కి లాక్కుంటే లీగ్ మధ్యలో మన లైనప్‌లో ముక్కూమొహం తెలియనివాడు కూర్చుంటాడు.

తెలిసినవాళ్ళ మాట

విజయవాడ, గుంటూరు లాంటి చోట ఇదే అందరూ వాడే దారి. ఎవరిని కదిపినా ఎవరో ఒకరికి బావో, కాలేజీ సీనియరో, పాత హాస్టల్ రూమ్‌మేటో అయి ఉంటాడు. మనిషి అసలువాడేనా అన్న టెన్షన్ ఉండదు, పరువు పోతుందని వచ్చినవాడూ కాస్త జాగ్రత్తగా ఉంటాడు. మోసగాళ్ళను ఆపడంలో ఈ పద్ధతిని మించింది లేదని ఒప్పుకుంటాను.

కష్టం రెండు చోట్ల వస్తుంది. మొదటిది మొహమాటం. ‘మా పిన్ని కొడుకు, చూసుకో అన్నా’ అని ఆరేళ్ళుగా క్లాన్‌లో ఉన్నవాడు అడిగితే కాదనలేం. వాడు వరసగా మూడు వార్‌లు అటాక్ చేయకపోయినా తీసేయలేం. ఫారం ద్వారా వచ్చినవాడిని అదే తప్పుకు మొదటి వార్‌లోనే పంపించేసి ఉంటాం. ఈ తేడా మిగతావాళ్ళు గమనిస్తారు. పైకి ఎవరూ ఏమీ అనరు, మెల్లగా డొనేషన్లు తగ్గుతాయి.

రెండోది గుంపు. వడ్డేశ్వరం వైపు ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక బ్యాచ్ మొత్తం ఒకేసారి చేరింది అనుకోండి. మొదటి నెల పండగే. ఆ తర్వాత చాట్ వాళ్ళ సొంత జోకులతో నిండిపోతుంది, అందులో ఒకడిని హెచ్చరిస్తే ఆరుగురూ అలుగుతారు, సెమిస్టర్ పరీక్షలకు ఆరుగురూ ఒకేసారి మాయమవుతారు. కులం, హీరో, పార్టీ గొడవలు గ్రూపులోకి వచ్చేది కూడా ఎక్కువగా ఇలా గుంపుగా వచ్చినప్పుడే. ఎన్నికలప్పుడు అడ్మిన్‌గా ఉన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

సిఫారసు వద్దనను, దానికి కట్టుబాట్లు పెట్టుకోమంటాను. ఒకరు ఒక విడతలో ఒకరినే తేవాలి. తెచ్చినవాడికి ఆ కొత్తవాడి విషయంలో ఓటు ఉండకూడదు, అంటే ఉంచాలా తీసేయాలా అన్నది మిగతా ఆఫీసర్లే తేల్చాలి. ట్రయల్ అందరికీ ఒకటే, లీడర్ తమ్ముడికైనా సరే. ఈ మూడోది ముందే గ్రూపులో రాసిపెట్టి ఉంటే మొహమాటానికి మంచి మందు. ‘నాదేం లేదు రా, రూల్ అలా ఉంది’ అనేయొచ్చు.

ట్రయల్

ఐదింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను ఎంచుకునేది ఇదే. మనిషి చెప్పింది వినడం మానేసి చేసేది చూస్తాం. కాకపోతే చాలా గిల్డ్‌ల్లో ట్రయల్ పేరుకే. ఎప్పుడు మొదలైందో తెలియదు, ఎప్పుడు అయిపోతుందో అసలే తెలియదు, మూడు నెలల తర్వాత కూడా ‘నేనింకా ట్రయలేనా బ్రో’ అని అడుగుతుంటాడు. చేర్చుకున్న రోజే తేదీ చెప్పేయండి.

క్లాష్ క్లాన్‌కి ఒక నెల సరైన గడువు. నెల మొదట్లో క్లాన్‌ల మధ్య లీగ్ ఉంటుంది: ఏడు వార్‌లు, రోజుకు ఒక్కొక్కరికి ఒకే అటాక్. మామూలు వార్‌లో రెండు అటాక్‌లు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా క్లాన్ అంతా కలిసి చేసే క్యాపిటల్ రెయిడ్. నెలలో ఈ మూడూ తగులుతాయి. లీగ్‌లో కొత్తవాడిని ఏడు రోజులూ ఆడించక్కర్లేదు, రెండు రోజులు దించితే చాలు. స్టార్లు ఎన్ని తెచ్చాడని చూడకండి, ఆట నేర్పొచ్చు. అటాక్ చేయలేకపోతే ముందుగా చెప్పాడా? చెప్పిన బేస్‌నే కొట్టాడా లేక తేలికైనది కనపడింది కదా అని ఇంకొకడి టార్గెట్ కొట్టేశాడా? ఆడలేని వారం, వార్‌కి రానని తెలిసేలా వార్ బటన్ ఎర్రగా మార్చుకున్నాడా? ఈ మూడింటికీ జవాబులు బాగుంటే సున్నా స్టార్లు తెచ్చినా మనవాడే.

మన ప్రాంతానికి ఒక సవరణ తప్పనిసరి. వారం రోజులు కనపడకపోతే ఆటోమేటిక్‌గా కిక్ అనే రూల్ ఇక్కడ పనిచేయదు. ఇంటర్ పిల్లల్లో చాలామంది రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉంటారు, అక్కడ ఫోన్ చేతికి ఇవ్వరు. దసరాకీ సంక్రాంతికీ ఇంటికొస్తే పగలూ రాత్రీ ఆడతారు, సెలవులయ్యాక మళ్ళీ మాయం. ఫిబ్రవరి, మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఆ వెనకే ఎంట్రన్స్‌లు. ఫారంలో మూడు నెలల ముందు మాట అడిగేది ఇందుకే. అలాంటివాళ్ళను ప్రధాన క్లాన్‌లో చోటు ఆక్రమించకుండా పక్కన ఒక ఫీడర్ క్లాన్ పెట్టి అక్కడ ఉంచి, సెలవుల్లో పైకి తెచ్చుకోవచ్చు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట నీళ్ళలో ఉన్నప్పుడు సరిగ్గా లీగ్ నడుస్తోంది. ఆ ఏరియాల్లో ఉన్న మావాళ్ళకు కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్ లేదు. అటాక్‌లు మిస్సయ్యాయని బాట్ వరసగా వార్నింగ్‌లు పెట్టుకుంటూ పోయింది. గుంటూరు వైపు ఉన్న ఒక ఆఫీసర్ ముందు బాట్‌ని ఆపి, తర్వాత ఒక్కొక్కరి ఇంటివాళ్ళకూ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఆ వారంలో ట్రయల్‌లో ఉన్న ఒక కుర్రాడు నీళ్ళు తగ్గాక గ్రూపులోకి వచ్చి మొదట రాసింది ‘సారీ అన్నా, లీగ్ పోయిందా’ అని. వాడి ట్రయల్ అక్కడితో ముగించి మనవాడిని చేసేసుకున్నాం. కిక్ చేసే పనిని బాట్‌కి అప్పజెప్పకండి, లెక్క చూపించడం వరకే దాని పని.

ట్రయల్‌లో ఉన్నవాడికి ఏమివ్వకూడదో కూడా తేల్చుకోండి. ఎల్డర్ వద్దు, నంబర్లు కనపడే గ్రూపు వద్దు, స్క్రిమ్స్ స్ట్రాటజీ చానల్ వద్దు. ట్రూప్స్ ఇవ్వండి, వార్‌లోకి దించండి, చాట్‌లో పలకరించండి. పలకరించని గిల్డ్‌లో ట్రయల్ పెడితే ఫెయిలయ్యేది గిల్డే.

గ్రూపు గేటు: వాట్సాప్, టెలిగ్రామ్, డిస్కార్డ్

వాట్సాప్ అందరి దగ్గరా ఉంటుంది, అదే దాని బలం. మామూలు గ్రూపులో నంబర్లు దాచే వీలు లేదు. కమ్యూనిటీ పెట్టుకుంటే అందులోని అనౌన్స్‌మెంట్ గ్రూపులో ఒకరి నంబరు అడ్మిన్లకూ, ముందే సేవ్ చేసుకున్నవాళ్ళకూ తప్ప కనపడదు. ట్రయల్‌వాళ్ళను అక్కడే ఉంచండి. మామూలు గ్రూపుకి కొత్తవాళ్ళను అడ్మిన్ ఒప్పుకుంటేనే వచ్చేలా సెట్టింగ్ ఆన్ చేయండి. ఎవరో లింక్‌ని ఇన్‌స్టా బయోలో పెట్టేస్తారు, అప్పుడప్పుడు రీసెట్ చేస్తుండాలి. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు. కానీ ఫ్రీ యూసీ, ఫ్రీ డైమండ్స్ (ఆటల్లో వాడే డబ్బు) అని లింకులు పంపేవాళ్ళ బెడద అక్కడ ఎక్కువ.

వడపోతకు అసలైన పనిముట్లు ఉన్నది డిస్కార్డ్‌లో. ఇన్వైట్ లింక్ ఒక రోజుకే చెల్లేలా, ఒకరికే పనిచేసేలా చేయొచ్చు. రూల్స్‌కి ఒప్పుకుంటేనే మాట్లాడనిచ్చే స్క్రీన్ ఉంది. వెరిఫికేషన్ లెవెల్ పైదాకా పెంచితే ఫోన్ నంబరుతో వెరిఫై అయిన అకౌంటే మెసేజ్ పెట్టగలదు, ఆ నంబరు మనకు మాత్రం కనపడదు. ప్రొఫైల్‌లో డిస్కార్డ్‌లో చేరిన తేదీ ఉంటుంది, నిన్న పుట్టిన అకౌంట్ అయితే పాత ఐడీ ఏదని అడగండి. రోల్స్ వేరు చేసి ట్రయల్‌వాళ్ళకు రెండు చానళ్ళే చూపించొచ్చు. ఇంత ఉన్నా మన కుర్రాళ్ళలో సగం మంది ‘ఇంకో యాప్ ఎందుకు బ్రో’ అంటారు. నిజమే, ముప్పైమంది సరదా క్లాన్‌కి అక్కర్లేదు. స్క్రిమ్స్ టీమ్‌కైతే తప్పదు. డిస్కార్డ్‌కి కనీస వయసు 13 అని మర్చిపోకండి.

పిల్లలు, డబ్బు

వయసు అడిగేది తీసేయడానికి కాదు, ఏర్పాట్ల కోసం. బీజీఎంఐలో 18 లోపువాళ్ళకు రోజుకు మూడు గంటలే ఆట. రాత్రి ఎనిమిదికి మొదలై పదకొండున్నర దాకా సాగే స్క్రిమ్స్ లైనప్‌లో పిల్లాడిని పెట్టుకుంటే చివరి మ్యాచ్‌లో ముగ్గురితోనే ఆడాల్సి రావచ్చు. పెద్దవాళ్ళు పిల్లలతో మాట్లాడాల్సింది గ్రూపులోనే, విడిగా మెసేజ్‌లు వద్దు అన్న రూల్ ఆఫీసర్లకూ వర్తించాలి. 18 లోపువాళ్ళు ఎక్కువగా ఉన్న గిల్డ్ అయితే కొత్త మెంబర్ల కంటే ముందు కొత్త ఆఫీసర్లనే వడకట్టాలి.

ఇక చేరీచేరగానే ‘కస్టమ్ రూమ్ పెడదాం, తలా యాభై ఎంట్రీ’ అని మొదలుపెట్టేవాడు. ఎంత బాగా ఆడినా వద్దు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, ఇలాంటివి నడపడాన్నీ ప్రచారం చేయడాన్నీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఆ గొడవ గిల్డ్ పేరు మీదకు రానివ్వకూడదు. ‘నీ ఐడీ ఇవ్వు, ర్యాంక్ పుష్ చేసిస్తా’ అనేవాడూ, ‘మా టీమ్‌కి ఓటేయండి’ అని లాగిన్ అడిగే లింక్ పంపేవాడూ అంతే. ఇలాంటివి ట్రయల్ పూర్తయ్యేదాకా చూసే తప్పులు కావు, అప్పటికప్పుడే పంపించేయాలి. ఎవరైనా ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే గ్రూపులో చర్చలు పెట్టకుండా వెంటనే 1930కి ఫోన్ చేయించండి.

మీ గిల్డ్ ఏది?

కొత్తగా పెట్టిన సరదా క్లాన్ అయితే గేటు తెరిచిపెట్టండి, కనీస టౌన్ హాల్ ఒక్కటి చాలు, వాట్సాప్ గ్రూపులోకి మాత్రం నెల తర్వాతే. ముప్పై మంది దాటి లీగ్‌ని సీరియస్‌గా తీసుకునే క్లాన్‌కి చిన్న ఫారం, ఫ్రెండ్లీ చాలెంజ్, నెల ట్రయల్. బీజీఎంఐ స్క్రిమ్స్ టీమ్‌కి ఫారం ఎందుకూ పనికిరాదు, మూడు మ్యాచ్‌లు ఆడించి రెండు వారాలు సబ్‌గా (రిజర్వులో) ఉంచండి. ఒకే కాలేజీ, ఒకే అపార్ట్‌మెంట్ వాళ్ళ గిల్డ్‌కి సిఫారసు సరిపోతుంది, కాకపోతే తెచ్చినవాడికి ఓటు లేదన్న రూల్ మొదటిరోజే రాసి పెట్టుకోండి, గొడవొచ్చాక రాస్తే ఎవరూ ఒప్పుకోరు.

కాదని చెప్పడం ఎవరికైనా కష్టమే. చాలామంది లీడర్లు జవాబివ్వకుండా వదిలేస్తారు, వాడు రోజూ రిక్వెస్ట్ పెడుతూనే ఉంటాడు, చివరికి ఎవరో ఆఫీసర్ విసుగొచ్చి యాక్సెప్ట్ కొట్టేస్తాడు. మేము పంపేది ఇంత: ‘తమ్ముడూ, నీ ఆట బాగుంది. మాకు ఇప్పుడు రాత్రి పదకొండు తర్వాత ఆడేవాళ్ళు కావాలి, నీకు ఆ టైమ్ కుదరదన్నావు. వచ్చే లీగ్ అయ్యాక మళ్ళీ రిక్వెస్ట్ పెట్టు, చూద్దాం.’ కారణం ఒక్కటే చెప్పండి, నిజమైనదే చెప్పండి. నాలుగు చెప్తే వాదనకు దిగుతాడు. ట్రయల్‌లో ఫెయిలైనవాడికి కూడా గ్రూపులో కాకుండా విడిగానే చెప్పాలి, 18 లోపు అయితే ఇద్దరు ఆఫీసర్లు ఉన్న చాట్‌లో. కిక్ చేసేటప్పుడు ఆటలోనే ఒక మెసేజ్ రాసే వీలుంటుంది, అక్కడ ‘గుడ్ లక్’ అని మాత్రం రాసి వదిలేయండి.